ముప్పై ఒకటో పేజీ

సోమవారం

అత్తయ్యగారికి,

మీ తుంటి ఎలా ఉంది? "అమ్మ కర్ర పట్టుకుని మా వరండా దాకా నడుస్తోంది" అని వదిన నిన్న ఫోన్‌లో చెప్పింది. ఫోన్‌లోనే మీతోనూ మాట్లాడొచ్చు గానీ, మీకు సరిగా వినపడదని వదిన స్పీకర్ పెడుతుంది. అప్పుడు నేను మీకు చెప్పే మాట మీ అల్లుడుగారూ, వాళ్లింటి పనావిడా, పక్కింటివాళ్లూ కలిసి వింటారు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మీరు అడగబోయేది చెప్పేస్తాను. కేకు బాగానే వచ్చింది. అడుగు అంటుకోలేదు, మధ్యలో కుంగలేదు. నిన్న మహిళా సంఘం హాల్లో అందరూ తలో ముక్కా తీసుకుని, "అచ్చం మీ అత్తగారి చెయ్యే" అన్నారు. ఇరవై ఒక్క ఏళ్లుగా నేను చేస్తున్నా అది మీ చెయ్యే. నవ్వి ఊరుకున్నాను. అధ్యక్షురాలుగారు మాత్రం ఎప్పటిలాగే ముక్క ముట్టుకోలేదు. షుగరట. సంఘం వంటల పుస్తకంలో తన పేజీలో ఉన్న నిమ్మరసం మాత్రం తనే రెండు గ్లాసులు తాగారు. అందులో పంచదార లేదు కాబోలు.

కొత్త సంగతి ఒకటుంది. సంఘం పుస్తకానికి నలభై ఏళ్లు నిండుతున్నాయని మళ్లీ అచ్చు వేయిస్తున్నారు. పాత కాపీలు అందరిళ్లలోనూ అట్టలూడి, నూనె మరకలతో ఉన్నాయి. మనదైతే చేతిపనుల భాగంలో పిండి పడి పేజీలు రెండేసి అతుక్కుపోయాయి. కార్యదర్శిగారు మైకు పట్టుకుని పాత నియమం మళ్లీ చదివి వినిపించారు. ఎవరి పేరు కింద ఏ వంట అచ్చయితే, ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ వంట వాళ్లింటి నుంచే రావాలి. పెద్దవాళ్లు చేయలేకపోతే ఇంట్లోవాళ్లు చేయాలి. ఈసారి కావలసినవాళ్లు పేర్లు మార్చుకోవచ్చని ఒక ఫారం ఇచ్చారు. పైన మీ సంతకం, కింద కొత్తగా పేజీ తీసుకునేవాళ్ల పేరు. నన్ను పక్కకి పిలిచి, "ఇంకో నలభై ఏళ్లు నిలవాలి కదమ్మా, మీ అమ్మాయి పేరు వేయించండి" అన్నారు. పిల్లకి పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికి టీ పెట్టడం కూడా సరిగా రాదు, రావాలని నాకూ లేదు.

మీరు లేని ఈ రెండున్నర నెలల్లో ఆ కేకు గురించి తీరిగ్గా ఆలోచించాను. పుస్తకంలో మిగతావాళ్ల పేజీలు అరగంటలో తేలిపోతాయి. జీలకర్ర బిస్కెట్లు, పాలపొడి బిళ్లలు, నిమ్మరసం. మన ముప్పై ఒకటో పేజీ నెలంతా పడుతుంది. పైన "గుడ్లు లేకుండా, వెన్న లేకుండా, పారేసేవాటితో పొదుపు కేకు" అని ఉంటుంది. పారేసేవి ఊరికే రావు కదా. రోజూ బ్రెడ్ అంచులు కోసి డబ్బాలో వేయాలి. నారింజ తొక్కలు లోపలి తెల్లది గీకి కిటికీలో ఆరబెట్టాలి. పంచదార నల్లగా మాడ్చి పాకం పట్టాలి. నానబెట్టాలి, పిండాలి, మళ్లీ నానబెట్టాలి. మన ఓవెన్‌కి ఎడమవైపు వేడెక్కువ కాబట్టి రెండున్నర గంటలూ స్టూలు మీద కూర్చుని పదిహేను నిమిషాలకోసారి టిన్ను తిప్పాలి. దించాక వారం రోజులు బట్టలో చుట్టి, రోజు విడిచి రోజు టీ డికాషన్‌తో తడపాలి. ఆ స్టూలు మీంచి కిటికీలో ఏం కనిపిస్తుందో మీకూ తెలుసు. పక్కింటి గోడ, దాని మీద నీళ్ల పైపు. ఆ పైపుకి ఎన్ని మేకులున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఫారం ఇందులో పెట్టాను. మీ సంతకం ఎక్కడో పెన్సిలుతో గుర్తు పెట్టాను. కింద ఎవరి పేరూ రాయలేదు.

మందులు వేళకి వేసుకోండి.

మీ కోడలు


మరుసటి వారం బుధవారం

అత్తయ్యగారికి,

మీ జవాబు రాలేదు. ఫారం అందిందని వదిన చెప్పింది. "అమ్మ చదివి దిండు కింద పెట్టుకుంది" అంది. దిండు కింద పెట్టుకోవడానికి అదేం ప్రేమలేఖ కాదు. మీరు ఆలోచిస్తున్నారన్నమాట. అయితే ఆలోచించడానికి ఇంకో విషయం కూడా ఇస్తాను. కోప్పడినా సరే, మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి.

మీరు బాత్రూములో జారిపడడానికి ముందు నెలలో నేనొకరోజు పంటి డాక్టరు దగ్గరికని చెప్పి పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చాను. మీరు నాకోసం మెత్తగా జావ కాచి ఉంచారు. నా పళ్లకేం కాలేదు. నేను వెళ్లింది నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఒక కేంద్రానికి. ప్రమాదాల్లో చేతులు దెబ్బతిన్నవాళ్లు అక్కడ ఉండి, మెల్లగా మళ్లీ చేతులతో పనిచేయడం నేర్చుకుంటారు. దాన్ని నడిపే డాక్టరమ్మ మన సంఘం అమ్మకాలకి వచ్చి, నేను పాత దుప్పట్లు చించి జడలల్లి కుట్టిన కాళ్లపట్టా కొన్నది. అందరూ పైన రంగులు చూసి బాగుందంటారు. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి కుట్టు చూసింది. "ఇది ఎవరు నేర్పారు?" అంది. "పుస్తకంలో చూసి నేనే నేర్చుకున్నానండీ" అన్నాను. ఒకసారి వచ్చి చూపించమంది.

వెళ్లాను. ప్రెస్సులో పనిచేస్తూ రెండు వేళ్లు పోగొట్టుకున్న ఆయన్ని నా ముందు కూర్చోబెట్టారు. మొహం మాడ్చుకుని, "ఇవి ఆడవాళ్ల పనులమ్మా" అన్నాడు. "మీరు జడ వేస్తే ఆడవాళ్ల పని ఎలా అవుతుందండీ" అని పీలికలు చేతికిచ్చాను. ముందు తిట్టుకున్నాడు, తర్వాత ఊరుకున్నాడు, గంటయ్యేసరికి జానెడు అల్లాడు. లేచి వెళ్లేటప్పుడు దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లాడు. అత్తయ్యగారూ, ఆ రోజంతా నాకు గడియారం గుర్తు రాలేదు.

మొన్న వాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఒకటో తారీకు నుంచి చేరమని. గది వాళ్లే ఇస్తారు. ఆదివారాలు బయటినుంచి రోగులు వస్తారు కాబట్టి ఆదివారం పని తప్పదు, సెలవు బుధవారం. నా జవాబు ఈ నెలాఖరు శనివారానికల్లా వాళ్ల చేతిలో ఉండాలి.

మీ అబ్బాయితో చెప్పాను. పేపరు దించకుండానే, "మంచిదే కదా, అమ్మ సరేనంటే నాకేం అభ్యంతరం" అన్నారు. తర్వాత పేపరు దించి, "మరి కేకు?" అన్నారు. నా అన్నం సంగతి అడగలేదు, తన అన్నం సంగతి అడగలేదు, ఈ ఇల్లు ఎవరు చూస్తారని కూడా అడగలేదు. కేకు సంగతి అడిగారు.

ఇక్కడిదాకా వచ్చాక అసలు మాట దాచుకోవడం ఎందుకు? ఏడేళ్ల నుంచి నా గొంతులో ఉన్న మాట ఇది. మా అమ్మకి సీరియస్‌గా ఉందని తమ్ముడు ఫోన్ చేసిన రోజు శనివారం. కేకు ఓవెన్‌లో పెట్టి గంటన్నర అయింది. మీరు ముందుగదిలో కూర్చుని బటన్లు కుడుతున్నారు. "అమ్మకి బాలేదట అత్తయ్యగారూ, నేను వెళ్తాను" అన్నాను. మీరు తలెత్తి, "వెళ్లు. ఇంకో నాలుగుసార్లు తిప్పి, దించేసి వెళ్లు. బస్సులు చాలా ఉన్నాయి" అన్నారు. మీరు కసిరి చెప్పలేదు, మామూలుగానే చెప్పారు. నేను వంటగదిలోకి వెళ్లి నాలుగుసార్లు తిప్పాను. ఏ తల్లి కడుపున పుట్టిన కూతురైనా ఆ టిన్ను నేలకేసి కొట్టి పరుగెత్తేది. నేను స్టూలు మీద కూర్చుని పైపు మేకులు చూస్తూ తిప్పాను. పుల్ల గుచ్చి చూసి మరీ దించాను. ఒక బస్సు వెళ్లిపోయింది, తర్వాతది దొరికింది. నేను వెళ్లేసరికి అమ్మ పోయి నలభై నిమిషాలైంది. రెండుసార్లు కళ్లు తెరిచి, "వచ్చిందా" అని అడిగిందట. నా చేతులు మాడిన పంచదార వాసన వేస్తున్నాయి, కడుక్కొని రమ్మన్నాడు తమ్ముడు.

ఆ పై వారం ఆదివారం కేకు చాలా బాగా కుదిరిందని సంఘం నుంచి కబురు కూడా వచ్చింది.

మీ మీద కోపం ఉంది. అంతకంటే నా మీద ఎక్కువ ఉంది. మీరు ఒక్క మాట, వెళ్లు అనండి. కాదంటే కాదనండి. దిండు కింద మాత్రం పెట్టుకోకండి.

మీ కోడలు


నెలాఖరు సోమవారం

అత్తయ్యగారికి,

మొన్నటి ఉత్తరంలో ఎక్కువ రాశాను. పెద్దవారు, పైగా ఆపరేషనైన మనిషి. అలా రాసి ఉండాల్సింది కాదు. రాసిందాంట్లో ఏదీ అబద్ధం కాదు గానీ, అంతా తెచ్చి మీ నెత్తిన పోసినందుకు సిగ్గుగా ఉంది.

ఇక్కడ మామూలే. నిన్న బ్రెడ్ అంచులు నానబెట్టాను. ఈసారి తొక్కలు సరిగా ఆరలేదు, ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఆరబెట్టాను. ఓవెన్ తలుపు మళ్లీ సరిగా పడటం లేదు. స్టూలు జరిపి దానికి ఆనించి కూర్చోవాల్సి వస్తోంది. అంటే ఇప్పుడు టిన్ను తిప్పేటప్పుడు తప్ప లేచే వీల్లేదు. నవ్వొచ్చింది. తలుపుకి గడియ లేదు, నేనే గడియని.

కార్యదర్శిగారు రెండుసార్లు వచ్చారు. అందరి ఫారాలూ వచ్చాయట, మనది ఒక్కటే మిగిలిందట. అచ్చు ఆగిపోతోందట. "ఇంకా ఆలోచించేదేముందమ్మా, మీ ఇంటికి అదొక గౌరవం" అన్నారు. ఆవిడ వెళ్తూ, "పిల్ల సెలవులకి వచ్చినప్పుడు దగ్గరుండి నేర్పించండి, పాకం దగ్గరే చెయ్యి తిరగాలి" అని చెప్పి వెళ్లారు. ఆ మాట విన్నాక రోజంతా నాకు ఏ పనీ సాగలేదు.

అందుకని నేనే ఒక నిర్ణయానికి వచ్చాను. కేంద్రానికి రాలేనని ఉత్తరం రాసి కవరు అంటించాను. శుక్రవారం పొద్దున కూరగాయలకి వెళ్లేటప్పుడు పోస్టు చేస్తాను. ఫారంలో కింద నా పేరు రాయండి. పిల్ల పేరు వద్దు. ఎలాగూ చేసేది నేనే, ఇంతకాలం ఫలానా వారి కోడలు అన్నారు, ఇక పేరు పెట్టే పిలుస్తారు. నేను ఉన్నంతకాలం దాని జోలికి ఎవరూ రారు. తర్వాత సంగతి తర్వాత.

మీ అబ్బాయి ఈ మాట విని, "నీ ఇష్టం" అన్నారు. ఆయన మంచివారు. ఆ మంచితనమే నాకు పట్టుకోడానికి దొరకదు.

మీరు తొందరపడి నడవకండి.

మీ కోడలు


బుధవారం

అమ్మాయీ,

నీ మూడో ఉత్తరం ఈ పూటే అందింది. ఇది కొరియర్‌లో పంపుతున్నాను. శుక్రవారం తెల్లవారేసరికి నీ చేతిలో ఉంటుందని ఆ ఆఫీసులో కూర్చునే ఆవిడ చెప్పింది. నేను స్వయంగా నడిచి వెళ్లి ఇస్తున్నాను. అవును, నడిచే. కొరియర్ ఆఫీసు రెండు వీధుల అవతల ఉంది.

నా తుంటి బాగుపడి ఐదు వారాలైంది. డాక్టరు ఇక ఇంటికి వెళ్లొచ్చన్నాడు. మెట్లెక్కితే నొప్పని, రాత్రిళ్లు పీకుతోందని చెప్పి ఇక్కడే ఉండిపోయాను. కర్ర మీ వదిన చూస్తున్నప్పుడే పట్టుకుంటాను, అది వంటగదిలోకి వెళ్లగానే గోడకి ఆనిస్తాను. అరవై ఆరేళ్ల మనిషిని, బడి ఎగ్గొట్టే పిల్లల్లాగా నటిస్తున్నాను. ఎందుకంటావా? ఇక్కడ మొదటి ఆదివారం వస్తుంది, పోతుంది. ఎవరూ ఏమీ తేనక్కర్లేదు. ఈ ఇంట్లో బ్రెడ్ అంచులు చెత్తబుట్టలో వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఏరబోయి ఆగాను. ఇప్పుడు నేనే కోసి నేనే పారేస్తున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నువ్వు నన్ను ఒక మాట అడిగావు. దానికి ముందు నేను నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి. ఆ కేకు నాది కాదు.

అప్పుడు నాకు ఇరవై ఆరు. సంఘంలో చేరి రెండో మీటింగు. కాగితాలు చేతులు మారుతున్నాయి. నా దగ్గరికి ఒక కాగితం వచ్చింది. ముందు వచ్చింది హాజరు కాగితమే కదా, ఇదీ అదేననుకుని కింద పేరు రాసి పక్కావిడకి అందించాను. అది వంట రాసిన కాగితం. రాసినావిడ అడుగున పేరు పెట్టకుండా వదిలేసింది. పుస్తకం అచ్చయి వచ్చాక తిరగేస్తే ముప్పై ఒకటో పేజీలో నా పేరుంది. ఆ కేకు నేను కళ్లతో కూడా చూడలేదు. చెప్పేద్దామని లేచాను. అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు, మీ మామగారు గర్వంగా చూస్తున్నారు. హాజరు కాగితానికీ వంట కాగితానికీ తేడా తెలియని మనిషినని నలుగురిలో ఎలా చెప్పను? మళ్లీ కూర్చున్నాను. ఇంటికెళ్లి పుస్తకంలో చూసి చేశాను. ఖర్మ కొద్దీ మొదటిసారే బాగా వచ్చింది. ఇక మెడకి చుట్టుకుంది.

రాసినావిడ ఎవరో కూడా నాకు తెలుసు. ఆ చేతిరాత తర్వాత ఎన్ని నోటీసుల్లో చూశానో. కాగితం మీద నా పేరు చూసి కూడా ఆవిడ ఆ మీటింగులో నోరు తెరవలేదు. మర్నాటికల్లా నిమ్మరసం రాసిచ్చింది. తర్వాత అధ్యక్షురాలైంది. షుగరు కాదు, పాడు కాదు, ఆవిడకి ఆ కేకు గొంతు దిగదు.

పంతొమ్మిదేళ్లు చేశాను. నువ్వు కాపరానికి వచ్చిన వారానికే పుస్తకం నీ చేతిలో పెట్టాను. అందరూ నేను నిన్ను గౌరవించాననుకున్నారు. నువ్వూ అలాగే అనుకుని కళ్లకద్దుకున్నావు. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకుని పడుకున్నాను. పంతొమ్మిదేళ్లలో అంత గాఢంగా నిద్రపోలేదు.

ఇక మీ అమ్మ సంగతి. నాకు గుర్తు లేదనుకున్నావేమో. నేను కుడుతున్నది నీలం చొక్కా, నాలుగో బటను. ఆ టిన్ను నేను తిప్పగలను. నా చేతులు బాగానే ఉన్నాయి, ఓవెన్ పది అడుగుల దూరంలో ఉంది. నువ్వు వచ్చి వెళ్తానన్నప్పుడు, నేను లేస్తే మళ్లీ నా పనైపోతుందేమోనని భయం వేసింది. ఈ ఒక్కసారి తిప్పితే వచ్చే నెలా నన్నే అడుగుతారేమోనని. అంత చిన్న భయానికి నిన్ను మీ అమ్మ దగ్గరికి పోనీయలేదు. బస్సులు చాలా ఉన్నాయన్నాను. ఎన్ని ఉన్నాయో నాకేం తెలుసు? నువ్వు తిరిగొచ్చాక నీ మొహం చూసి, ఏమీ అడగకుండా కాఫీ కలిపిచ్చాను. ఏడేళ్లుగా నువ్వు మాట ఎత్తకపోతే, మరిచిపోయావేమోనని లోలోపల ఆశపడ్డాను కూడా. నీ మీద నీకు కోపం వద్దు. తప్పు నాది. కేకు నాది కాదు గానీ, ఇది నాదే.

నన్ను క్షమించమని అడగను. అడిగితే అదీ నీ నెత్తినే ఇంకో పనవుతుంది.

ఫారం చించేశాను. ముందు అధ్యక్షురాలికి ఒక ఉత్తరం రాశాను, మీ కేకు మీరే తీసుకోండి అని, ఉన్నదంతా కడిగేసి. కవరు అంటిస్తుంటే ఆవిడకి ఇద్దరు కోడళ్లున్నారని గుర్తొచ్చింది. చిన్నదైతే ఇంకా కొత్త పెళ్లికూతురు. అదీ చించేశాను. మూడోసారి కార్యదర్శికి రాశాను. ఒక్క వాక్యం. "ముప్పై ఒకటో పేజీ తీసేయండి, మా ఇంట్లో ఆ వంట ఇకమీద ఎవరూ చేయరు." కింద సంతకం. ఈసారి ఎక్కడ పెడుతున్నానో చూసుకుని పెట్టాను. రాయడానికి నిమిషం పట్టలేదు. నలభై ఏళ్లలో ఏ రోజు రాసినా సరిపోయేది. నాకా వాక్యం తట్టలేదని చెప్పను. రోజూ తట్టేది. ఎవరేమనుకుంటారో అని ఊరుకున్నాను, నేనలా ఊరుకున్నందుకు నువ్వు ఆ స్టూలుకి కట్టుబడిపోయావు. అదీ నీ ఉత్తరంతోపాటే కొరియర్‌లో వెళ్తోంది. నీ చేతికి ఇచ్చి అందించమనడం లేదు, సరాసరి వాళ్లింటికే.

వాళ్లు నీ దగ్గరికి పరుగున వస్తారు. "మా అత్తయ్యగారిని అడగండి" అను. ఇన్నేళ్లూ మా వాడు నీకు చెప్పిన మాటే, ఒకసారి నువ్వు వాడుకో. వాడి సంగతి నాకు వదిలెయ్యి. నలభై నాలుగేళ్లొచ్చినా గుడ్డు ఉడకబెట్టడం రాదు. నేను వచ్చి నేర్పుతాను. కర్ర దగ్గరే ఉంటుంది.

కేంద్రానికి రాలేనని రాసిన కవరు నీ దగ్గరే ఉంది కదా. పోస్టు చెయ్యకు. వస్తున్నానని ఫోన్ చేసి చెప్పు. నానబెట్టిన అంచులు బయట పిట్టలకి వెయ్యి. బట్టలు సర్దుకో.

నేను వచ్చే బుధవారం మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతున్నాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి నువ్వు నాకు అక్కడ కనపడకూడదు.

అత్తయ్య